‘సే మే కయో’: స్పానిష్ సర్వనామయుత క్రియల్లో కర్తృత్వం, బాధ్యత

ఉపోద్ఘాతం

చేతిలోని గాజు గ్లాసు జారి నేల మీద పడుతుంది. ఈ సంఘటనను స్పానిష్ మాట్లాడేవారు సాధారణంగా ‘సే మే కయో ఎల్ వాసో’ అనే వాక్యంతో చెబుతారు. దీనిని మాటకు మాటగా తెలుగులోకి తేవడం కష్టం. ‘గ్లాసు తనంతట తాను నాకు పడింది’ అంటే నిర్మాణం కొంత తెలుస్తుంది గాని, అది తెలుగు వాక్యం కాదు. ఇందులో కర్తృపదం గ్లాసు. క్రియ అన్వయించేది గ్లాసుతోనే. గ్లాసు పట్టుకున్న మనిషి ‘మే’, అంటే ‘నాకు’ అనే ఒక చిన్న సర్వనామంగా మాత్రమే వాక్యంలో మిగిలి ఉంటాడు.

ఇటువంటి వాక్యాన్ని చూసినప్పుడు ఒక నైతికమైన అనుమానం కలగడం సహజం. పడవేసినవాడు ఉండగా, పడిన వస్తువును కర్తృస్థానంలో నిలపడం తప్పించుకోవడం కాదా? తన తప్పును వస్తువు మీదికి నెట్టే వెసులుబాటును ఈ భాష వ్యాకరణంలోనే కల్పించిందా? ఈ ప్రశ్న ఒక్క స్పానిష్‌కు సంబంధించినది కాదు. చేసిన పనికీ జరిగిన పనికీ మధ్య గీత ఎక్కడ గీయాలి, ఆ గీత మీద నిలిచిన మనిషిని ఏమని పిలవాలి అన్నది నీతిశాస్త్రంలో పాత ప్రశ్న. ఆ ప్రశ్నను స్పానిష్ సర్వనామయుత క్రియల ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. ‘సే’ ఉన్నంత మాత్రాన బాధ్యత తొలగదని, ‘సే’ పక్కన మనిషి మిగిలాడా లేదా అన్నదే నైతికంగా పరిశీలించవలసిన విషయమని ఇందులో ప్రతిపాదన.

సర్వనామయుత క్రియ: రూపం

స్పానిష్‌లో కొన్ని క్రియలు కర్తృపదపు పురుష వచనాలకు అనుగుణమైన ఒక సర్వనామాన్ని వెంటబెట్టుకొని వస్తాయి. నిఘంటువులో ఇవి ‘సే’ అంతమందు కలిగిన రూపాలుగా కనిపిస్తాయి. ‘లవార్’ అంటే కడుగు. ‘లవార్‌సే’ అంటే కడుక్కొను. మే లావో (కడుక్కుంటాను), తే లావాస్ (కడుక్కుంటావు), సే లావా (కడుక్కుంటాడు, కడుక్కుంటుంది), నోస్ లవామోస్ (కడుక్కుంటాం), ఓస్ లవాయిస్ (మీరు కడుక్కుంటారు), సే లావాన్ (వారు కడుక్కుంటారు) అన్నవి వర్తమానకాల రూపాలు. వీటిలో ‘ఓస్’ ప్రధానంగా స్పెయిన్ దేశపు వాడుక. లాటిన్ అమెరికాలో దాని స్థానంలో కూడా ‘సే’ వస్తుంది.

సర్వనామం స్థానం నియతమైనది. పురుష ప్రత్యయం గల క్రియకు ముందు విడిగా వస్తుంది. తుమున్నర్థక రూపానికి, శత్రర్థక రూపానికి, వ్యతిరేకం కాని విధి రూపానికి చివర అతుక్కుంటుంది: లవార్‌మే, లవాందోమే, లావాతే. రెండు సర్వనామాలు కలిసి వచ్చినప్పుడు ‘సే’ ముందుంటుంది. కనుకనే ‘సే మే’ అన్న క్రమం. ‘మే సే’ అనడం శిష్ట వ్యవహారంలో లేదు. ప్రథమ పురుషలో ఏకవచన బహువచనాలకు, స్త్రీ పురుష భేదానికి అతీతంగా ‘సే’ ఒక్కటే రూపం. లాటిన్ భాషలోని ఆత్మార్థక సర్వనామం నుంచి వచ్చిన ఈ ఏకాక్షరం కాలక్రమంలో మోయవలసిన అర్థాలు చాలా పెరిగాయి.

అర్థ పరిధి

వాటిలో మొదటిది ఆత్మార్థకం: చేసినవాడు, ఫలం పొందినవాడు ఒక్కడే. రెండవది పరస్పరార్థకం: ఒకరికొకరు ఉత్తరాలు రాసుకోవడం వంటిది. మూడవది, సర్వనామం లేకుండా వాడుకలోనే లేని క్రియలు. కెహార్‌సే (మొరపెట్టుకొను), అత్రెవేర్‌సే (తెగించు), హక్తార్‌సే (గొప్పలు చెప్పుకొను), అర్రెపెంతీర్‌సే (పశ్చాత్తాపపడు) ఈ కోవలోనివి. నాలుగవది, కర్త ప్రసక్తి లేకుండా జరిగిన మార్పును చెప్పేది: సే రొంపియో ఎల్ వాసో (గ్లాసు పగిలింది). ఐదవది కర్మణి ప్రయోగానికి దగ్గరైనది: సే వెందెన్ కాసాస్ (ఇళ్లు అమ్మబడును). వీటికి తోడు, ‘ఈర్’ అంటే వెళ్లు, ‘ఈర్‌సే’ అంటే ఉన్నచోటు విడిచి వెళ్లిపోవు అన్నట్లు, క్రియార్థంలోనే సూక్ష్మమైన మార్పు తెచ్చే ప్రయోగాలున్నాయి.

ఇవన్నీ నిజంగా ఆత్మార్థకాలేనా అన్న ప్రశ్న స్పానిష్ వ్యాకర్తలకు కొత్తది కాదు. కరాకస్ నగరంలో 1781లో జన్మించిన ఆంద్రేస్ బెల్యో, 1847లో చిలీ రాజధాని శాంతియాగోలో అమెరికా ఖండవాసుల కోసం వెలువరించిన తన వ్యాకరణంలో, అర్థంలో ఆత్మార్థకత లేకపోయినా రూపంలో మాత్రం ఉన్న ప్రయోగాలను విడదీసి, వాటిని ‘ఆత్మార్థక ప్రాయాలు’ అనదగిన పేరుతో వ్యవహరించాడు. గ్లాసు తనను తాను పగలగొట్టుకోదు. కాని భాష ఆ రూపాన్నే దానికి ఇచ్చింది. రూపానికీ అర్థానికీ మధ్య ఉన్న ఈ ఎడాన్ని గుర్తించడమే బెల్యో వర్గీకరణలోని విశేషం.

పాణినీయంతో పరిచయం ఉన్నవారికి ఈ విభాగం దూరంగా తోచదు. క్రియాఫలం కర్తకే చెందినప్పుడు ఆత్మనేపదం, పరునికి చెందినప్పుడు పరస్మైపదం రావడం ఉభయపది ధాతువుల విషయంలో పాణిని చెప్పిన వ్యవస్థ. కర్మయే కర్తవలె కనిపించే ‘కర్మకర్తరి’ ప్రయోగాన్ని కూడా ఆయన సూత్రబద్ధం చేశాడు. అన్నం తానే ఉడుకుతున్నది, కట్టె తానే చీలుతున్నది అన్న తరహా వాక్యాలు దీనికి వ్యాఖ్యాన సంప్రదాయంలో ఉదాహరణలు. ‘సే రొంపియో’ సరిగ్గా ఈ స్థానంలో నిలిచే ప్రయోగం. పాణిని దృష్టిలో కర్త అంటే క్రియా నిర్వహణలో స్వతంత్రుడుగా వివక్షించబడినవాడు. వక్త ఎవరిని స్వతంత్రుడుగా చెప్పదలచుకుంటే వాడు కర్త అవుతాడని వ్యాఖ్యాతలు వివరించారు. అంటే, కర్తృత్వ నిర్ణయంలో వక్త ఎంపికకు చోటుంది. ఎంపిక ఉన్నచోట నైతిక ప్రశ్న కూడా ఉంటుంది.

పశ్చాత్తాపం: ఒకరి బదులు మరొకరు చేయలేని పని

పైన పేర్కొన్న క్రియల్లో ‘అర్రెపెంతీర్‌సే’ ప్రత్యేకంగా గమనించదగినది. దీని మూలమైన లాటిన్ క్రియ ప్రధానంగా అకర్తృకంగా వాడబడేది. పశ్చాత్తాపం ఒక మనిషిని పట్టుకుంటుంది; ఆ మనిషి వాక్యంలో ద్వితీయా విభక్తిలో, కర్మస్థానంలో ఉంటాడు. స్పానిష్‌లోకి వచ్చేసరికి అదే మనిషి కర్తృస్థానానికి చేరాడు. అయితే ఒంటరిగా చేరలేదు. ‘మే అర్రెపియెంతో’ (పశ్చాత్తాపపడుతున్నాను) అన్నప్పుడు క్రియాంతంలో ‘నేను’ ఉన్నది. ముందున్న ‘మే’లోనూ ఆ మనిషే ఉన్నాడు. కర్తగాను, క్రియకు లోనైనవాడుగాను రెండు చోట్ల నిలిచాడు.

ఈ సర్వనామాన్ని తీసివేస్తే ఆ క్రియ నిలవదు. ఒకరి బట్టలు మరొకరు ఉతకవచ్చు, ఒకరి అప్పు మరొకరు తీర్చవచ్చు. ఒకరి పశ్చాత్తాపాన్ని మరొకరు పడలేరు. తెలుగులో ‘పడు’ అనే సహాయక క్రియ ఈ లోనుకావడాన్ని చెబుతుంది. స్పానిష్ దానినే సర్వనామంతో చెబుతుంది. కనుక ‘సే’ వర్గపు సర్వనామాలు మనిషిని క్రియ నుంచి తప్పించే సాధనాలేనన్న అభిప్రాయం మొదటి పరిశీలనలోనే నిలవదు. కొన్ని క్రియల్లో అవి మనిషిని క్రియకు విడదీయరాకుండా కట్టివేస్తున్నాయి.

మరపు: మూడు వాక్యాలు

కర్తృత్వ తారతమ్యాన్ని స్పానిష్ ఎంత సూక్ష్మంగా చూపగలదో తెలుసుకోవడానికి మరచిపోవడం గురించిన వాక్యాలు ఉత్తమ నిదర్శనం. తాళంచెవులు మరచిన వ్యక్తి మూడు విధాలుగా చెప్పవచ్చు.

మొదటిది, ‘ఓల్విదే లాస్ యావేస్’. ఇది సాధారణ సకర్మక వాక్యం. మరచినవాడు కర్త, తాళంచెవులు కర్మ.

రెండవది, ‘మే ఓల్విదే దే లాస్ యావేస్’. మరచినవాడు ఇంకా కర్తే. కాని సర్వనామం చేరడంతో క్రియ అకర్మకమైంది. తాళంచెవులు ‘దే’ అనే విభక్త్యర్థక పదం వెనక్కి జరిగాయి. మరపు ఇక్కడ వస్తువు మీద జరిగిన పని కాదు, మనిషిలో కలిగిన స్థితి.

మూడవది, ‘సే మే ఓల్విదారోన్ లాస్ యావేస్’. ఇందులో క్రియ బహువచనంలోకి మారింది. కారణం, కర్తృస్థానంలోకి తాళంచెవులు రావడం. మనిషి ‘మే’గా, మరపు ఎవరికి సంభవించిందో చెప్పే స్థానానికి జరిగాడు.

మూడు వాక్యాల్లోనూ సంఘటన ఒక్కటే, మనిషి ఒక్కడే. మారినది మనిషి నిలిచిన చోటు. ఈ ఎంపిక సాహిత్యంలో ఎంత అర్థవంతం కాగలదో సెర్వాంతేస్ చూపాడు. 1605లో వెలువడిన ‘దోన్ కిహోతే’ మొదటి వాక్యంలోనే కథకుడు ‘అకొర్దార్‌సే’ (జ్ఞాపకం తెచ్చుకొను) అనే సర్వనామయుత క్రియను ఇచ్ఛార్థక క్రియతోను, నిషేధంతోను కలిపి వాడాడు. ఊరి పేరు మరపుకు వచ్చిందని చెప్పడానికి భాషలో సులువైన మార్గం ఉండగా, జ్ఞాపకం తెచ్చుకోవడానికి తనకు ఇష్టం లేదన్నట్లుగా చెప్పాడు. యాదృచ్ఛికంగా సంభవించగల మరపు అక్కడ సంకల్పంగా మారింది. బాధ్యతను తొలగించుకునే రూపాలున్న భాషలోనే, అవసరం లేని బాధ్యతను కోరి తలకెత్తుకునే వాక్యం కూడా పుట్టింది.

‘మే’ చెప్పే విషయం

ఇప్పుడు గ్లాసు దగ్గరికి తిరిగి రావచ్చు. ‘రొంపీ ఎల్ వాసో’ (గ్లాసు పగలగొట్టాను), ‘సే రొంపియో ఎల్ వాసో’ (గ్లాసు పగిలింది), ‘సే మే రొంపియో ఎల్ వాసో’ అనే మూడు వాక్యాల్లో మొదటిది మనిషిని కర్తగా నిలుపుతుంది. రెండవది మనిషిని పూర్తిగా తొలగిస్తుంది. మూడవది ఈ రెండింటికీ మధ్యది. సంకల్పం లేదని చెబుతుంది. సంబంధం లేదని మాత్రం చెప్పదు. దీనికి ‘కావాలని’ అన్న అర్థం గల పదాన్ని చేర్చితే వాక్యం పొసగదు. సంకల్ప రాహిత్యం ఈ నిర్మాణంలో అంతర్భాగమని దీనివల్ల స్పష్టమవుతుంది.

సంకల్పం లేని చర్య గురించి అరిస్టాటిల్ తన ‘నికోమాకియన్ నీతిశాస్త్రం’ మూడవ భాగంలో ఒక భేదం చేశాడు. తెలియక చేసిన పని ఏదైనా ఇచ్ఛాపూర్వకం కాదు. అయితే దానిని ఇచ్ఛకు విరుద్ధంగా జరిగిన పని అనాలంటే, చేసినవాడు తరువాత బాధపడాలి, చింతించాలి. తెలియక చేసి, తెలిసిన తరువాత కూడా చింతించనివాడు మరో కోవకు చెందుతాడు. ఆధునిక కాలంలో బెర్నార్డ్ విలియమ్స్ నైతిక దైవవశాన్ని గురించిన వ్యాసంలో ఈ ఆలోచనను ముందుకు తీసుకుపోయాడు. ఆయన ఉదాహరణలో ఒక లారీ డ్రైవరు, తన తప్పేమీ లేకుండానే, ఒక పిల్లవాడి మరణానికి కారణమవుతాడు. చూసినవారందరూ బాధపడతారు. కాని డ్రైవరు పడే బాధ చూసినవారి బాధ వంటిది కాదు. అతనిని ఓదార్చడం సరైనదే. అతడు తొందరగా, తేలికగా ఊరట పొందితే మాత్రం అతనిలో ఏదో లోపించిందని తోస్తుంది. ఈ భావానికి విలియమ్స్ పెట్టిన పేరును తెలుగులో ‘కర్తృఖేదం’ అనవచ్చు.

కర్తృఖేదం పడేవాడు దోషి కాడు. కేవలం సాక్షి కూడా కాడు. అతని స్థానం ఏమిటన్నది సకర్మక వాక్యం చెప్పలేదు. కర్త లేని వాక్యం కూడా చెప్పలేదు. ‘సే మే’ నిర్మాణం ఆ మధ్యస్థానానికి వ్యాకరణంలో ఒక చోటు కల్పిస్తుంది. వస్తువు ఎవరి చేతిలో ఉన్నదో, ఎవరి సంరక్షణలో ఉన్నదో ఆ మనిషిని ‘మే’ వాక్యంలో నిలిపి ఉంచుతుంది. చంకనున్న పసివాడు జారిపడినప్పుడు ఎత్తుకున్నవారు ఈ వాక్యమే చెబుతారు. దానిని సాకుగా వినేవారు ‘మే’ను వినడం లేదు.

ఈ వాదానికి ఒక బలమైన ఆక్షేపణ ఉంది. ‘సే మే మురియో ఎల్ పెర్రో’ (నా కుక్క చనిపోయింది) అన్నప్పుడు కూడా ఇదే ‘మే’ వస్తుంది. అక్కడ చెప్పినవాడు దేనికీ కారకుడు కాడు, నష్టపోయినవాడు మాత్రమే. కనుక ‘మే’ బాధ్యతను అంగీకరించే పదం కాదు, బాధితత్వాన్ని చెప్పే పదం. పైగా కారకుడే తనను బాధితుడుగా చూపుకొనే వీలు ఇస్తుంది, అని ఆక్షేపణ.

ఈ ఆక్షేపణలో సత్యం ఉంది. ‘మే’ ఒప్పుకోలు కాదు. సంఘటన ఎవరి జీవితాన్ని తాకిందో అది చెబుతుంది. ఎంతవరకు కారకుడో చెప్పదు. కాని దీనివల్ల తేలేది, వ్యాకరణం తీర్పు చెప్పదని మాత్రమే. ప్రశ్న అడగడానికి మనిషిని మాత్రం అందుబాటులో ఉంచుతుంది. గ్లాసును కావాలని విసిరినవాడు ‘సే మే కయో’ అంటే అది అబద్ధం. ఆ అబద్ధం వక్తది, నిర్మాణానిది కాదు. సంకల్పం లేదని నిర్మాణం స్పష్టంగా చెబుతున్నది కనుకనే దానిని అబద్ధమని ఖండించడం సాధ్యమవుతున్నది.

ఈ నిర్మాణానికి ఒక మర్యాద కూడా ఉంది. వీధిలో అపరిచితుని చేతి నుంచి ఏదైనా పడితే, వెనుక నడిచేవారు గౌరవ వాచకమైన ‘లే’తో ‘సే లే కయో’ అని చెబుతారు. నింద లేకుండా విషయం తెలుస్తుంది. వస్తువు ఎవరిదో, వంగి తీసుకోవలసినవారు ఎవరో కూడా తెలుస్తుంది.

సాక్షి జ్ఞాపకం

భాషారూపం బాధ్యతా భావనను ప్రభావితం చేస్తుందా అన్న విషయంలో కైట్లిన్ ఫాసీ, లెరా బొరొడిట్‌స్కీ 2011లో ప్రకటించిన ప్రయోగం ప్రసిద్ధమైనది. ఇంగ్లీషు, స్పానిష్ మాట్లాడేవారికి కావాలని చేసిన పనులను, పొరపాటున జరిగిన పనులను దృశ్యాలుగా చూపారు. కావాలని చేసిన పనులను రెండు భాషలవారూ కర్తను పేర్కొంటూ వర్ణించారు. చేసినవారిని సమానంగా గుర్తుంచుకున్నారు. పొరపాటున జరిగిన పనుల్లో మాత్రం ఇంగ్లీషువారు కర్తను ఎక్కువగా పేర్కొన్నారు, ఎక్కువగా గుర్తుంచుకున్నారు.

ఈ ఫలితాన్ని స్పానిష్ బాధ్యతను మరపింపజేస్తుందన్న వాదానికి ఆధారంగా తీసుకోవడం తొందరపాటు. ప్రయోగంలో పాల్గొన్నవారు సాక్షులు, కారకులు కారు. పొరపాటున బెలూను పగిలినప్పుడు అది ఎవరి చేతిలో పగిలిందో సాక్షికి గుర్తుండకపోవడం నైతిక లోపమా, లేక క్షమించదగిన దానిని మనసు దానంతట అదే వదిలివేయడమా? ఈ ప్రశ్నకు ప్రయోగం జవాబు చెప్పదు. సంకల్పం ఉన్నచోట రెండు భాషలవారి జ్ఞాపకంలో తేడా లేదన్న అంశం మాత్రం ముఖ్యమైనది.

తెలుగుతో పోలిక

తెలుగులో ‘సే’కు దగ్గరగా వచ్చేది ‘కొను’. భద్రిరాజు కృష్ణమూర్తి, జె.పి.ఎల్. గ్విన్ 1985లో వెలువరించిన ఆధునిక తెలుగు వ్యాకరణం దీనిని ఆత్మార్థక సహాయక క్రియగా వివరించింది. కడుక్కొను అన్నచోట ఆత్మార్థకం, వాళ్లు కొట్టుకున్నారు అన్నచోట పరస్పరార్థకం, తలుపు తెరుచుకుంది అన్నచోట కర్త ప్రసక్తి లేని మార్పు. ఏ సంబంధమూ లేని రెండు భాషలు ఈ మూడు అర్థాలను ఒకే రూపంలో కూర్చడం గమనించదగిన విషయం.

భేదం కూడా అంతే ముఖ్యమైనది. స్పానిష్‌లో ‘రొంపేర్’ (పగలగొట్టు) మూలం. ‘రొంపేర్‌సే’ (పగులు) దాని నుంచి వచ్చింది. తెలుగులో చాలా జంటలు దీనికి విపర్యయంగా ఉంటాయి. పగులు నుంచి పగులగొట్టు, కాలు నుంచి కాల్చు, మునుగు నుంచి ముంచు ఏర్పడ్డాయి. స్పానిష్‌లో చేయడం నుంచి జరగడాన్ని రాబట్టవలసి ఉంటే, తెలుగులో జరగడం నుంచి చేయడాన్ని రాబట్టాలి. కనుక ‘గ్లాసు పగిలింది’ అనే తెలుగు వాక్యంలో దేనినో తొలగించిన జాడ కనిపించదు.

మరి మనిషిని వాక్యంలో నిలపడానికి తెలుగు ఏమి చేస్తుంది? తెలుగు ‘కు’ ప్రత్యయం అనుభవాన్ని సమర్థంగా చెబుతుంది: నాకు కోపం వచ్చింది, నాకు గుర్తు లేదు. సంప్రదాయ వ్యాకరణం ఈ ప్రత్యయాన్ని షష్ఠిలో చేర్చడం దాని సంబంధార్థాన్ని సూచిస్తుంది. కాని గ్లాసు విషయంలో ‘నాకు పడింది’ అనడం కుదరదు. అక్కడ తెలుగు ‘నా చేతిలోంచి జారింది’ అని స్థానాన్ని చెబుతుంది; లేదా ‘నా వల్ల పగిలింది’ అని హేతువును చెబుతుంది. స్పానిష్ ‘మే’ మనిషిని సంఘటనకు లోనైనవాడుగా నిలిపితే, తెలుగు ‘వల్ల’ అతనిని కారణంగా నిలుపుతుంది. కర్తృఖేదంలో ఈ రెండూ ఉన్నాయి: కారణమైనందుకు కలిగే బాధ అది. ఒక్కొక్క భాష అందులో ఒక్కొక్క పార్శ్వాన్ని వ్యాకరణంలో పట్టుకున్నది.

మనిషి లేని ‘సే’

బాధ్యత నిజంగా జారిపోయేది ‘సే’ పక్కన ఏ సర్వనామమూ లేనప్పుడు. ‘సే కొమెతియేరోన్ ఎర్రోరేస్’ (పొరపాట్లు జరిగాయి), ‘సే పెర్దియేరోన్ లోస్ దొకుమెంతోస్’ (పత్రాలు పోయాయి) అన్న తరహా వాక్యాలు అధికార ప్రకటనల శైలికి చెందినవి. వీటిలో మొదటి దానికి మరింత శ్రద్ధ అవసరం. పత్రాలు తమంతట తాము పోవచ్చు. పొరపాటును చేయడానికి మాత్రం మనిషి కావాలి. చేసినవాడు ఉన్నాడని ఆ క్రియార్థమే చెబుతున్నది. వాక్యం అతడెవరో చెప్పదు. రెండవ వాక్యంలో ‘నోస్’ చేర్చి ‘సే నోస్ పెర్దియేరోన్’ అంటే, పత్రాలు ఎవరి అధీనంలో ఉండగా పోయాయో తెలుస్తుంది. ఆ ఏకాక్షరం చేరిన తరువాత ప్రశ్న అడగడానికి ఒక చిరునామా దొరుకుతుంది. తెలుగులోనూ ‘పొరపాటు జరిగింది’, ‘మా వల్ల పొరపాటు జరిగింది’ అనే వాక్యాల మధ్య దూరం ఇదే.

ముగింపు

కర్తరి వాక్యం నిజాయితీకి, కర్త లేని వాక్యం పలాయనానికి గుర్తు అనుకోవడం సులువైన విభజన. స్పానిష్ సర్వనామయుత క్రియలు దానిని అంగీకరించవు. కావాలని చేయని పనిని కర్తరి వాక్యంలో చెప్పించడం కూడా ఒక అసత్యమే కాగలదు. అది లేని సంకల్పాన్ని ఆరోపిస్తుంది. మనిషిని పూర్తిగా తీసివేయడం మరో అసత్యం; అది ఉన్న సంబంధాన్ని దాచుతుంది. ‘సే మే కయో’ ఈ రెండింటినీ తప్పించి, సంకల్పం లేని చోట కూడా మనిషిని సంఘటన పక్కనే నిలబెడుతుంది. అక్కడ నిలబడినవాడు తరువాత ఏమి చేస్తాడన్నది, గాజు ముక్కలు ఏరుతాడా, పరిహారం ఇస్తాడా, మౌనంగా తప్పుకుంటాడా అన్నది, అతని నీతికి సంబంధించినది. వ్యాకరణం చేయగలిగినది అతనిని అక్కడ నిలపడం వరకే.